పెళ్లి ఎక్కడో తేల్చిన చుక్కల బిళ్లలు

పెళ్లి చీరలు కొనడానికి మద్రాసు వెళ్లినవాళ్లు మా రాజమండ్రిలో వీధికి పదిమంది ఉంటారు. పెళ్లి ఏ ఊళ్లో జరగాలో ఆటాడి తేల్చుకు రావడానికి వెళ్లినదాన్ని మాత్రం నేనొక్కదాన్నే. తిరిగొచ్చి వారం దాటినా నా బుర్ర ఇంకా ఇటు దిగలేదు. నిన్న ఒకావిడ జాకెట్టు కొలతలు రాసుకోవాల్సిన చోట చుక్కలు పెట్టాను. ఇదంతా ఒకసారి రాసి పడేస్తే కుట్టుపని సాగుతుందేమోనని మిషను పక్కన పెట్టి కూర్చున్నాను.

సంగతి ఇది. మా చెల్లెలి కూతురు హారిక, చెన్నైలో తన ఆఫీసులోనే పనిచేసే కార్తీక్ పెళ్లి చేసుకుంటామన్నారు. అబ్బాయి వాళ్లు రాయపురంలో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్లు, తాళ్ల టోకు వ్యాపారం. అందరికీ అందరూ నచ్చారు. ఒక్క చోటే బండి ఆగింది. పెళ్లి రాజమండ్రిలో జరగాలని మా చెల్లి, మద్రాసులో జరగాలని వాళ్లు. మా చెల్లి పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఊళ్లో ప్రతి పెళ్లిలోనూ పంక్తిలో కూర్చుంది. ఆ వీధులన్నిటికీ తిరిగి ఒక పూటైనా పెట్టకపోతే తలెత్తుకు తిరగలేనంటుంది. అవతలివాళ్ల మాట ఇంకా బరువైనది. పెళ్లికొడుకు నానమ్మకు ఎనభై దాటాయి, రాత్రంతా రైలు ప్రయాణం ఆవిడకు పడదు, ఆవిడ అక్షింతలు వేయని పెళ్లి వాళ్లకు పెళ్లే కాదు.

మాటలు ముదిరేలోపు అబ్బాయి తండ్రి ఫోన్ చేశారు. "మా ఇంట్లో వియ్యాలవారితో పేచీ వస్తే నోటితో తేల్చుకోమమ్మా. మాట జారితే తీసుకోలేము గదా. చుక్కల బిళ్లలతో తేల్చుకుంటాము. మీ తరఫున ఒక ఆడమనిషిని పంపించండి, మా తరఫున మా అమ్మ కూర్చుంటుంది" అన్నారు. అదేదో కొత్తరకం పరాచికం అనుకున్నాం. కాదట. వాళ్ల పెద్దల నాటి నుంచి ఉన్న పద్ధతేనట. ఆ చుక్కల బిళ్లలాటనే బయట డామినో అంటారని హారిక చెప్పింది.

మా ఇంట్లో పేక ముక్క పట్టుకోవడం వచ్చింది నాకొక్కదానికే. "రమ్మీలో నిన్ను కొట్టేవాళ్లు లేరక్కా, బిళ్లలైతే మాత్రం ఏంటి" అని మా చెల్లి నన్ను రైలెక్కించింది. నాకూ అలాగే అనిపించింది. పులిహోర పొట్లంతో పాటు అంత ధీమా మూటగట్టుకుని వెళ్లినదాన్ని ఈ మధ్యకాలంలో నేను చూడలేదు.

సెంట్రల్ స్టేషను: కాఫీ మరక

దిగగానే కాఫీ తాగాను. ముప్పై రూపాయలు. మన దగ్గర గాజుగ్లాసులో పోసి చేతిలో పెడతారు, తాగేస్తాం. ఇక్కడ ఇత్తడి గ్లాసు, దాన్ని నిలబెట్టడానికి అంచున్న గిన్నె, దాన్ని డబరా అంటారు. పక్కనున్నాయన గ్లాసులోంచి డబరాలోకి, డబరాలోంచి గ్లాసులోకి మూరెడు ఎత్తున తిరగబోస్తుంటే చూసి నాకూ ముచ్చటేసింది. రెండోసారికే సగం కాఫీ నా లేత పసుపు చీర మీద ఉంది. కాబోయే వియ్యాలవారింటికి మొదటిసారి కుచ్చిళ్ల మీద మరకతో వెళ్లడం రాసిపెట్టి ఉంది కాబోలు.

ఆటో అతను రాయపురానికి రెండొందలు అన్నాడు. హారిక ఫోనులో పెట్టిన యాప్ నూట పది చూపిస్తోంది. నాకు వచ్చిన అరవం మూడు మాటలు, మూడూ ఒకేసారి వాడేశాను. ఫలితం లేకపోయేసరికి వెనక సీటులో కూర్చుని, వాడి వంశాన్ని తెలుగులో కాస్త తలుచుకున్నాను. హార్బరు గోడ పక్కనుంచి పోతూ అతను అద్దంలో చూసి, "అమ్మా, మేము గూడా ఇంట్లో తెలుగే మాట్లాడతాము. తాతని మాత్రం వదిలిపెట్టండి, మంచాయన" అన్నాడు. నేను చచ్చినంత పనై, దిగేటప్పుడు మిగిలిన పులిహోర పొట్లం అతని చేతిలో పెట్టాను. అతను వాసన చూసి నూట యాభైకి దిగాడు. ఆ ఊళ్లో నేను గెలిచిన మొదటి పందెం అదే.

రాయపురం: పెట్టె తెరుచుకుంది

చేపల వాసన, ఉప్పుగాలి, లారీ హారన్లు, వీటన్నిటి మధ్య ఒక సన్నటి వీధి. కింద తాళ్ల కొట్టు, పైన ఇల్లు. మెట్ల మీద కూడా తాళ్ల చుట్టలే. పైన వాకిట్లోనే ఎదురైంది నానమ్మగారు. పేరు రంగమ్మ. బక్కపలచని మనిషి, ముక్కుకు రెండు పక్కలా బేసర్లు, తెల్లటి జుట్టు ముడి మీద మల్లెపూలు.

"నమస్కారమండీ మామ్మగారూ" అన్నాను.

"మామ్మ అంటే ఈడ ఎవురికీ అర్థం కాదు అమ్మణ్ణీ. అవ్వా అను. ఆ అండీలు గూడా ఆడ్నే చెప్పులకాడ ఇడిసిపెట్టి రా" అంది. నా చీర మరక చూసి, తిరగబోస్తున్నట్టు చేతులు ఆడిస్తూ, "కాఫీ ఆత్తినావా? మొదటిరోజు అందురికీ అంతే" అని నవ్వింది. ఆ నవ్వుతోనే నాకు ఈవిడ మీద గెలవాలన్న పౌరుషం సగం చచ్చింది.

మధ్యాహ్నం వంజరం చేపల పులుసు, మామిడికాయ వేసి. నేను తింటూనే మా గోదావరి పులస గురించి గొప్పలు మొదలుపెట్టాను. అబ్బాయి తల్లి, అంటే నాకు వరసకు వదినగారు, "పులస అంటే ఎట్లా ఉంటాది వదినా, వంజరం కంటేనా?" అని అడిగారు. మావాళ్లు పుస్తెలమ్మైనా పులస తినాలంటారని చెప్పాను. అవ్వ ముద్ద ఆపి, "అంత బాగుంటాదా?" అని అడిగింది. మళ్లీ కాసేపటికి, "ఆ చేప నదిలోకి ఎదురీదతాదంట గదా?" అంది. ఆవిడకు చేపల మీద అంత ఇష్టమేమో అనుకున్నాను.

భోజనాలయ్యాక పెట్టె వచ్చింది. జాజికాయ చెక్క పెట్టె, జరిపే మూత. అవ్వ మామగారు ఓడలకు కూరగాయలు, తాళ్లు అందించే రోజుల్లో ఒక ఓడ వంటవాడు పోతూపోతూ చేతిలో పెట్టి వెళ్లాడట. అవ్వ దాన్ని బల్ల మీద బోర్లించింది. వేలెడంత పొడవు, పసుపు తిరిగిన తెలుపు, వెనక నలుపు. ఒక్కో బిళ్లకు మధ్యలో గీత, గీతకు ఇటూ అటూ చుక్కలు.

మీలో ఎవరైనా నాలాగే ఆట తెలియనివాళ్లుంటే, ఇదీ పాఠం. బిళ్లలు ఇరవై ఎనిమిది. ఒక్కో సగంలో సున్నా నుంచి ఆరు దాకా ఎన్ని చుక్కలైనా ఉండొచ్చు. చుక్కల్లేని సగాన్ని ఆ ఇంట్లో బోడి అంటారు. రెండు సగాలూ ఒకేలా ఉంటే జోడు. అన్నీ బోర్లించి గలగలా కలిపి, చెరో ఏడు తీసుకుని, ఎదుటివాళ్లకు కనబడకుండా గోడలా నిలబెట్టుకోవాలి. మిగిలింది కుప్ప. పెద్ద జోడు ఉన్నవాళ్లు మొదలుపెడతారు. తర్వాత ఆరుకు ఆరు, మూడుకు మూడు, చివర ఏది ఉంటే దానికి అదే ఆనించుకుంటూ పోవాలి. వరసకు రెండు చివరలుంటాయి, ఎటైనా సరే. ఆనించడానికి లేకపోతే కుప్పలోంచి ఒకటి తియ్యాలి. అదీ పనికిరాకపోతే వేలి కణుపుతో బల్ల మీద రెండుసార్లు తట్టాలి. "నా దగ్గర ఏమీ లేదు" అని నోటితో చెప్పకుండా చెప్పడమన్నమాట. ముందు ఎవరి బిళ్లలు అయిపోతే వాళ్లు గెలిచినట్టు.

వినడానికి ఎంత సులువు. మొదటి చేతిలోనే నాకు మూడు జోళ్లు వచ్చాయి. రమ్మీ బుర్ర కదా, లోపల్లోపల మురిసిపోయి వాటిని భద్రంగా దాచుకున్నాను. ఏ రాణి జత కలుస్తుందని దాచానో దేవుడికే తెలియాలి. అవ్వ చేతులు ఖాళీ చేసి వక్కపొడి నోట్లో వేసుకునేటప్పటికి నా ముందు ఆ మూడు జోళ్లూ దిక్కులు చూస్తూ ఉన్నాయి.

"జోడును దాచుకుంటారా ఎవురైనా?" అంది అవ్వ. "మామూలు బిళ్లకి రెండు మొగాలు, ఎట్లన్నా సర్దుకుంటాది. జోడుకి రెండు దిక్కులా ఒకే మొగం. దాన్ని ఒక్క తావులోనే కూకోబెట్టగలవు. పెండ్లిలో ముసిలోళ్లని ముందు కూకోబెట్టినట్టు దాన్ని ముందు కూకోబెట్టాల."

సాయంత్రం దాకా ఆడి ఒక్కటీ గెలవలేదు. కింద కొట్టు మూసి పైకొచ్చిన అన్నయ్యగారు, అంటే అబ్బాయి తండ్రి, నా ముందు మిగిలిన బిళ్లలు చూసి చాలా మర్యాదగా, "కల్యాణమండపం మేము చూసి పెట్టుకోవచ్చా అమ్మా?" అని అడిగారు. పందెం ఇంకో మూడు రోజులకు. నేను నవ్వేశాను.

టి. నగర్: రొండిన దొంగసొత్తు

మర్నాడు హారిక నన్ను టి. నగర్ తీసుకుపోయింది. ఆ జనం గురించి రాయడం నా వల్ల కాదు. ఒకసారి ఆ వీధిలో అడుగుపెడితే నడవక్కర్లేదు, వాళ్లే మోసుకుపోతారు. ఒక కొట్లో ఎనిమిదో అంతస్తు దాకా చీరలే. మా ఊళ్లో అయితే చీర విప్పి చూపించి, బాగోలేదంటే అలుగుతారు. ఇక్కడ అమ్మాయి నలభై చీరలు విప్పి, ఒక్కటీ కొనకపోతే "పరవాల్లేమా" అని నలభై ఒకటోది విప్పుతుంది. సిగ్గుపడి రెండు కొన్నాను. ఆ "పరవాల్లేమా" ఖరీదు మూడువేల ఆరొందలు.

బయట పూలామెను మల్లెలు అడిగాను. అక్కడా మూర లెక్కే, మూర ఎనభై రూపాయలు. కానీ ఆవిడ మోచేయి నా చేతిలో ముప్పాతిక ఉంది. "నా చేత్తో కొలుస్తాను" అని సైగ చేశాను. ఆవిడ హాయిగా నవ్వి, "సరే, డబ్బులు కూడా నీ చేత్తో రెండుసార్లు కొలిచి ఇయ్యి" అని సైగ చేసింది. నవ్వుకుంటూ చిల్లర కోసం రొండిన చెయ్యి పెట్టాను. రూపాయి బిళ్లతో పాటు ఇంకో బిళ్ల వచ్చింది. వేలెడంత, పసుపు తిరిగిన తెలుపు, ఒక్క చుక్కా లేదు.

బోడి జోడు. అవ్వ పెట్టెలోది. నిన్న ఆడుతూ ఆడుతూ, కుట్టేటప్పుడు గుండీలు దోపుకునే అలవాటున దాన్ని రొండిన దోపేసుకున్నాను. పొద్దున్న చీర మార్చుకుంటూ చిల్లర సంచితో పాటు చూసుకోకుండా మళ్లీ దోపుకున్నాను.

"పెద్దమ్మా, వాళ్ల తాతల నాటి సెట్టు అది" అంది హారిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "నువ్వు ఓడిపోతున్నావని ఎత్తుకొచ్చేశావనుకుంటారు."

నిజమే. ఎవరైనా అదే అనుకుంటారు. పూలు, చీరలు, పిల్ల, నేను ఒకే ఆటోలో పడి రాయపురం పరుగెత్తాం. వెళ్లేసరికి ఇల్లంతా తలకిందులుగా ఉంది. అన్నయ్యగారు మంచం కింద పడుకుని టార్చిలైటు వేస్తున్నారు. వదినగారు బియ్యం డబ్బా జల్లెడ పడుతున్నారు. అవ్వ ఒక్కతే నిమ్మళంగా కూర్చుని ఉంది.

నేను బిళ్ల బల్ల మీద పెట్టి, రొండి చూపించి, చెవులు పట్టుకున్నాను. అవ్వ బిళ్ల తీసి కొంగుతో తుడిచింది.

"ఇన్ని బిళ్లలుండగా పోయిపోయి బోడిదాన్ని ఎత్తుకోని పోయినావే. ఎత్తేది ఎత్తేది, ఆరు జోడు ఎత్తుకోరాదా" అంది. మంచం కింది నుంచి అన్నయ్యగారి నవ్వు వినబడింది. తల తగిలిన చప్పుడు కూడా వినబడింది.

తిరువొత్తియూరు: సముద్రం ఎదురుగా

మూడోరోజు పొద్దున్నే అవ్వ, "గుడికి పోయొద్దాం రా, తిరువొత్తియూరుకి" అంది. కారు తెప్పిస్తానన్నారు అన్నయ్యగారు. వద్దని లోకల్ రైలెక్కింది. నేను కమ్మీ పట్టుకుని ఊగుతుంటే అవ్వ జనాల్లోంచి చేపలా దూరి కిటికీ పక్కన చోటు సంపాదించి, నాకోసం కొంగు పరిచింది. ఈవిడకా ప్రయాణం పడనిది అనుకున్నాను.

దర్శనమయ్యాక సముద్రం ఒడ్డున ఒక రేకుల నీడలో నలుగురు ముసలాళ్లు చెక్కపెట్టె మీద బిళ్లలాడుతున్నారు. హార్బరులో బరువులు మోసి విశ్రాంతి తీసుకుంటున్నవాళ్లు. అవ్వను చూసి "వాంగ ఆయా", అంటే రండి అవ్వా, అని లేచి చోటిచ్చారు. అందులో ఒకాయన పుట్టినరోజట, కొత్త చొక్కా వేసుకున్నాడు. ఈ ఒక్కరోజు నన్ను గెలిపించు ఆయా అని అరవంలో బతిమాలాడు. అవ్వ ఆయన్ని రెండు ఆటలు వరసగా ఓడించి, గుళ్లో ఇచ్చిన అరటిపండు చేతిలో పెట్టి ఆశీర్వదించింది.

"పాపం, ఒక్కటి వదిలేస్తే ఏం పోయేది?" అన్నాను ఇసుకలో నడుస్తూ.

"తెలిసి ఓడేది లేదు" అంది అవ్వ. "మా అత్త నాకు పెట్టె ఇచ్చేదప్పుడు బిళ్లల మింద చెయ్యి పెట్టించి ఒట్టు ఏయించుకునింది. ఎదుటోళ్లకి ఆట దానం చేస్తే వాళ్లని చిన్నబుచ్చినట్టు గదా."

కాసేపు కూర్చున్నాం. సుండల్ పది రూపాయల పొట్లం, మన గుగ్గిళ్లే, కాకపోతే పచ్చికొబ్బరి ధారాళంగా వేస్తారు. అవ్వ తింటూ తింటూ, "మీ ఊరికి ముందర వంతెన ఉండాదంట గదా, రైలు దాని మింద శానాసేపు పోతాదంట" అంది.

ఉందన్నాను. గోదావరి దాటగానే స్టేషనే అన్నాను.

"నేను కాపురానికి వచ్చినకాడ్నుంచి సముద్రమే చూస్తా ఉండా. అది వస్తాది, పోతాది, మళ్లా ఆడ్నే ఉంటాది. నాకు పారే నీళ్లు చూడాలని ఆశ. అంత పెద్ద నది ఎట్లా పారతాదో చూడాల. ఈడ్నించి ఓడలు యాడయాడికో పోయినాయి. నేను తిరుపతి దాటి పోలా."

నేను పొట్లం పక్కన పెట్టాను. "మరి మీకు ప్రయాణం పడదని కదా అవ్వా ఇదంతా?"

"పడదని నేను చెప్పినానా? నన్నెవురు అడిగినారు?" అంది. "నా కొడుకు నా మింద ప్రేమతో నలుగురిలో అనేసినాడు, మా అమ్మకి పడదని. ఇప్పుడు నేను పోతానంటే వాడి మాట యాడుంటాది? బిళ్లలు చెప్పినాయంటే సరి. దానికి ఎవురూ చిన్నబోయేది లేదు."

"అయితే రేపు ఓడిపోండి అవ్వా. ఎవరికీ తెలియదు."

అవ్వ నన్ను చూసిన చూపుకు నేను ఇసుకలో కూరుకుపోవాల్సింది. "ఒట్టు అని ఇప్పుడే గదా చెప్పినా. నేను గెలిచేదానికే ఆడతా. నువ్వే గెలవాల. కూకో, నేర్పిస్తా."

ఇసుకలో పుల్లతో గీసి నేర్పించింది. ఒక్కో అంకె సరిగ్గా ఏడు బిళ్లల్లోనే ఉంటుందట. "ఏడుకొండలు అనుకో, మరవవు. నీ చేతిలోవి, వరసలోవి కలిపి ఏడు అయితే ఆ అంకె ఇంక ఎవురి దగ్గిరా లేదు. ఎదుటోళ్లు తట్టినారంటే చెవి పెట్టు. ఏ అంకెకి తట్టినారో అది వాళ్లకాడ లేదు. మళ్లా మళ్లా దాన్నే ముందర పెట్టు. రెండు దిక్కులా అయిపోయిన అంకె పెడితే ఆట బిగుసుకుంటాది. అప్పుడు చుక్కలు లెక్కబెట్టుకోవాల, తక్కువ ఉండేవాళ్లది ఆట."

నన్ను ఓడించబోయే మనిషి, తనను ఓడించే కిటుకులన్నీ నాకు ఎండలో కూర్చుని చెబుతోంది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. మద్రాసు దాకా నేను మా చెల్లి విస్తళ్ల కోసం వచ్చాను. ఆ ఒడ్డు మీంచి లేచేటప్పటికి నాకు కావలసింది వేరే అయిపోయింది. ఈవిడ గోదావరి చూడాలి, దానికి నేను ఈవిణ్ని ఓడించాలి, అది నా వల్ల అయ్యే పనిలా లేదు.

తిరిగొస్తూ బీచ్ స్టేషను దాకా పోయి నాకు అత్తో తినిపించింది. బర్మా నుంచి వచ్చినవాళ్లు తెచ్చిన వంటట, ఎర్రటి నూడుల్స్ మీద వేయించిన ఉల్లిపాయ, పక్కన అరటిదూట చారు. "బలం రావాల గదా" అంది.

మూడు ఆటలు

మర్నాడే పందెం, మూడింట్లో రెండు గెలిచినవాళ్ల మాట చెల్లుతుంది. ఆట మొదలయ్యాక ముగిసేదాకా ఇంట్లో ఎవరూ నోరు విప్పకూడదు. వీడియోలో మా చెల్లి ఉంది, ఫోనును ఆవకాయ జాడీకి ఆనించారు. నియమం ప్రకారం దాని గొంతు నొక్కేశారు కాబట్టి అది తెరలో నోరు తెరుస్తూ, దణ్ణాలు పెడుతూ కనబడుతోంది. హారిక, కార్తీక్ గడప మీద కూర్చున్నారు. ఏ ఊరైనా ఫరవాలేదు, తొందరగా తేల్చండి అన్నట్టుంది వాళ్ల మొహం. అన్నయ్యగారు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు.

మొదటి ఆట గురించి చెప్పుకోవడానికేమీ లేదు. కాఫీ చల్లారేలోపు అవ్వ గెలిచింది.

రెండో ఆటలో అవ్వ నాలుగుకు తట్టింది. టక్ టక్. నాకు ఇసుకలో గీత గుర్తొచ్చింది. సందు దొరికినప్పుడల్లా నాలుగునే ముందు పెట్టాను. టక్ టక్. కుప్పలోంచి తీసింది, మళ్లీ టక్ టక్. అవ్వ మొహంలో ఏమీ లేదు కానీ ముక్కుబేసర్లు మాత్రం మెరిశాయి. నా చివరి బిళ్ల పడగానే తెరలో మా చెల్లి కుర్చీతో సహా మాయమైంది. కాసేపటికి మళ్లీ పైకి వచ్చింది. అన్నయ్యగారు కాలు దించారు.

మూడో ఆటకు నేను ఏడు బిళ్లలూ నిలబెట్టి చూసుకుంటే అందులో ఉంది, నేను ఎత్తుకుపోయిన బోడి జోడు. ముందు కూర్చోబెట్టాలి అని పాఠం. కూర్చోబెట్టనిస్తే కదా. బోడి చివరకు వచ్చిన ప్రతిసారీ అవ్వ వెంటనే దాని మీద ఇంకోటి మూసేసింది. నా ముందు రెండు బిళ్లలు మిగిలాయి, ఆ బోడి జోడు, ఐదు-రెండు. అవ్వ దగ్గర ఒకే ఒక్కటి. వరసకు ఒక చివర ఐదు, రెండో చివర రెండు.

నా ఐదు-రెండు ఎటైనా పడుతుంది. అలవాటుగా చెయ్యి ఐదు వైపు వెళ్లింది. గాల్లోనే ఆగాను. ఏడుకొండలు. వరసలో ఐదులు లెక్కపెట్టాను. ఆరు ఉన్నాయి. ఏడోది నా చేతిలో ఉంది. మళ్లీ లెక్కపెట్టాను. మూడోసారి లెక్కపెడుతుంటే తెరలో మా చెల్లి కూడా వేళ్లు మడుస్తోంది, దేనికో దానికే తెలియదు.

నేను దీన్ని రెండు ఉన్న చివర పెడితే ఇటూ ఐదు, అటూ ఐదు. ఇక లోకంలో ఐదు లేదు. ఆట బిగుసుకుంటుంది. అప్పుడు చుక్కలు లెక్క. నా దగ్గర మిగిలేది ఒక్క చుక్క కూడా లేని బిళ్ల. దానికంటే తక్కువ ఆ పెట్టెలో ఏదీ లేదు. మూడురోజులుగా నేను తిట్టుకుంటున్న ఆ బోడిది నన్ను చూసి నవ్వుతున్నట్టే అనిపించింది. బిళ్లను రెండుకు ఆనించాను.

అవ్వ వరసను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. ఆట బిగుసుకున్నాక కుప్పతో పనిలేదు, అటు చెయ్యి కూడా చాచలేదు. మెల్లగా తట్టింది. నేనూ తట్టాను. ఇద్దరం బిళ్లలు తిప్పాం. నాది తెల్లటి బోడి. అవ్వది బోడి-ఒకటి. ఒకే ఒక్క చుక్క.

ఆ చుక్కను వేలితో రుద్ది చూసింది. నిజంగా బాధపడింది, నాకు తెలుసు. ఒట్టుకు కట్టుబడి చివరిదాకా గెలవడానికే ఆడింది. తర్వాత తలెత్తి, "బోడిదాంతో గెలిచినాది ఈమె" అంది ఇంటికంతా వినబడేలా.

"అమ్మా, రాత్రంతా రైల్లో నువ్వు..." అన్నారు అన్నయ్యగారు.

"ఏం జేసేది నాయనా. ఓడిపోయినా. బిళ్లల మాట మీరగలమా?" అంది అవ్వ, ఎంత దిగులు తెచ్చిపెట్టుకుందామన్నా పెదవులు మాట వినడం లేదు. "నా స్వెట్టరు యాడుండాదో చూడు" అంది కోడలితో. రాజమండ్రి ఎండలకు స్వెట్టరు.

వదినగారు నా చెవి దగ్గరకు వచ్చారు. "మొన్న మీరు పులస మాట ఎత్తినారు గదా వదినా. ఆ రోజే అత్త స్వెట్టరు అడిగి తీసిపెట్టుకునింది, దులిపి ఎండలో ఏసినా" అన్నారు. అప్పుడు ఇక ఆగలేకపోయాను. నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాను. నియమం ముగిసింది కాబట్టి ఫోను గొంతు వదిలారు. అందులోంచి మా చెల్లి అరుపు తాళ్ల కొట్టు దాకా వినబడింది.

రాజమండ్రి: ఒక ఫోను

వచ్చిన దగ్గర్నుంచి మా చెల్లి వంటవాళ్లతో బేరాలాడుతోంది. నేను పెళ్లి జాకెట్లు కుడుతున్నాను. అవ్వ మాత్రం రోజూ ఫోను చేస్తుంది. పెట్టె తెస్తుందట, మళ్లీ ఆడాలట, ఒక్క చుక్క బాకీ ఉందట.

ఇవాళ పొద్దున్న కత్తెర పట్టుకుని ఉండగా చేసింది. "అమ్మణ్ణీ, ఆ రైలు వంతెన ఎక్కేదప్పుడు చీకటా, వెలుతురా?"

"వెలుతురే అవ్వా. తెల్లారాక దాటే రైలుకే తీయమని చెప్పాను."

"సరి. కిటికీ ఏ దిక్కు అడగాల? నది ఏ దిక్కున కనిపిస్తాది?"

"రెండు దిక్కులా అవ్వా. ఎటు చూసినా గోదావరే."

"రెండు దిక్కులా ఒకటేనా" అంది అవ్వ. "జోడు అన్నమాట."

అవునన్నాను. మళ్లీ ఏమంటుందోనని చూశాను. ఫోనులోంచి రాయపురంలో బల్ల మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టిన చప్పుడు వినిపించింది.